మూసలోని ఉక్కు, భూమిలోని బొగ్గు

ఖనిజమను మాట వినగానే మనలో పెక్కుమందికి పాతరలోని ధాన్యము వంటిదేదో మనస్సునకు తోచును. ఇనుము ఒకచోట, బొగ్గు ఒకచోట, సున్నపురాయి ఒకచోట సృష్ట్యాదినుండి దాచిపెట్టబడి యున్నట్లును, మనుష్యుడు పోయి త్రవ్వి తెచ్చుకొనుటయే తరువాయి యైనట్లును భావించుచుందుము. వాస్తవమట్లు కాదు. ఏ ఖనిజమైనను ఒకనాడు లేదు. ఒకానొక కాలమున, ఒకానొక పరిస్థితిలో అది తయారైనది. వంటకు బియ్యము, నీరు, నిప్పు, మూత, తగినంత సేపు ఎట్లు కావలయునో, ఖనిజమునకును మూలపదార్థము, దానిని మోసికొని వచ్చు నీరు, వేడి, ఒత్తిడి, అన్నింటిని మించి కాలము అట్లే కావలయును. వీనిలో ఏది లోపించినను ఖనిజము పుట్టదు.

ఈ సంగతిని గ్రహించుటకు ఉత్తర తెలంగాణమునందలి కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల నేల మిక్కిలి అనువైనది. ఇచ్చట భూమి అడవిని లోపల మూసి బొగ్గు చేసినది. ఇచ్చటనే, కొన్ని వందల ఏండ్ల క్రిందట, కమ్మరులు ఇనుమును మట్టిమూసలో మూసి ఉక్కు చేసిరి. రెండు పనులకును చెట్టులోని కర్బనమే ఆధారము. రెండింటను గాలి చొరకుండ మూయుటయే రహస్యము. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఈ రెండు మూసల కథ.

ముందుగా నేలను గురించి రెండు మాటలు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట పాత కరీంనగరమునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల మున్నగు జిల్లాలును, పాత ఆదిలాబాదునుండి నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడినవి. భూవిజ్ఞానమునకు ఈ ఎల్లలతో పని లేదు గనుక మేము పాత పేర్లనే వాడుచున్నాము. నడుమ గోదావరి పడమటినుండి తూర్పునకు ప్రవహించును. దానికి దక్షిణమున కరీంనగరపు నల్లరాతి గుట్టలు, ఎలగందల కోట నిలిచిన గుట్టవంటివి, కలవు. ఇవి భూమి మీది అతి ప్రాచీన శిలలలోనివి. ఆదిలాబాదునకు పడమటి భాగమున సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట పారిన లావా గడ్డకట్టి, కాలక్రమమున ప్రత్తి పండు నల్లరేగడిగా మారినది. ఈ రెండింటికి తూర్పుగా, ప్రాణహిత, గోదావరుల వెంబడి, వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ఇసుకరాతి లోయ యొకటి సాగిపోవుచున్నది. బొగ్గు ఉన్నది ఈ లోయలోనే.

వయస్సులో పెద్దది ఇనుము. 250 కోట్ల సంవత్సరములకు పైబడిన ఆ కాలమున గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ప్రాణవాయువు లేని నీటిలో ఇనుము ఉప్పువలె కరగియుండగలదు. నాటి సముద్రములలో అట్లే కరగియుండెను. పిదప సూర్యకాంతిచే బ్రతుకు సూక్ష్మజీవులు ప్రాణవాయువును విడువసాగినవి. అది సోకిన ఇనుము కరగియుండలేక తుప్పుగా మారి అడుగునకు దిగెను. ఒక ఇనుపపొర, దానిపై చెకుముకిరాతి వంటి సిలికాపొర, మరల ఇనుపపొర, ఈ విధముగా చారలు చారలుగా పేరుకొని, భూగర్భపు వేడికిని ఒత్తిడికిని లోనై, అయస్కాంతమునకు అంటుకొను గట్టిరాయిగా మారెను. కరీంనగరపు పాతశిలల నడుమ నేటికిని ఈ చారల రాయి కనబడును.

అంతటితో ప్రకృతి పని ముగియలేదు. ఎండకు వానకు ఆ రాళ్లు పగిలి పొడియైనవి. వాననీరు తేలిక ఇసుకను దూరము కొట్టుకొనిపోగా, బరువైన ఇనుపరేణువులు వాగుల మలుపులలో నల్లని ఇసుకగా నిలిచిపోయినవి. చేటలో బియ్యము చెరిగినట్లు వాగు ఇసుకను చెరిగినది. మరికొన్ని చోట్ల వేడియు వర్షమును కలిసి రాతిలోని ఇతర పదార్థములను కరగించి కొనిపోగా, కరగని ఇనుము ఎఱ్ఱమన్నుగా మిగిలినది. ఒకే ఇనుము మూడు రూపములు దాల్చినది: గుట్టమీద చారలరాయి, వాగులో నల్లయిసుక, మెరకమీద ఇనుపమన్ను.

ఈ భేదము పుస్తకములలోనిది మాత్రమే కాదు, కమ్మరులకును తెలిసినదే. 1820లో హెన్రీ వెస్లీ వాయిసీ అను ఆంగ్లేయ వైద్యుడు కోనసముద్రమను గ్రామమునకు వచ్చెను. కోనసముద్రము నిజామాబాదు జిల్లాలోనిదే గాని, కరీంనగరపు మెట్‌పల్లికి పడమట, ఎల్లకు దగ్గరగా నున్నది. వాయిసీ నాడు కర్నలు లాంబ్టను నడిపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూవిజ్ఞానిగను ఉద్యోగము చేయుచుండెను. 1824లో ఆయన మరణించెను. ఉక్కు చేయు విధమును గురించి ఆయన వ్రాసిన వివరములు 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినవి.

అందు గమనింపదగిన విషయములు రెండు గలవు. మొదటిది, కోనసముద్రపు కమ్మరులు ఒకే ఇనుమును వాడలేదు. అయస్కాంతపు ఇసుకనుండి తీసిన ఇనుము మూడుపాళ్లు, ఇనుపమన్నునుండి తీసిన ఇనుము రెండుపాళ్లు కలిపి మూసలో ఉంచెడివారు. ప్రకృతి రెండు విధముల దాచినదానిని వారు తూచి కలిపిరి. రెండవది, ఆ సమయమున పారశీక దేశపు ఇస్‌ఫహాను నగరమునుండి వచ్చిన వర్తకుడొకడు ఆ ఊరిలోనే మకాముండి ఉక్కుపనిని దగ్గరుండి చూచుకొనుచుండెను. అంతదూరమునుండి ఓడ యెక్కి వచ్చి తెలంగాణపు పల్లెలో కూర్చుండవలసిన అవసరము అతనికి కల్పించినది ఆ ఉక్కు నాణెము. గోదావరి యొడ్డున నిర్మల్‌కు తూర్పుగా నున్న దిమ్మదుర్తి వద్ద పైమట్టిని గుంతలుగా త్రవ్వి అయస్కాంతపు రాయిని తీయుటను గురించియు వాయిసీ పేర్కొనెను.

మూస చేయుటయే ఒక విద్య. నిప్పునకు తాళు మన్నులో వరిపొట్టు కలిపి పిసికి, మూసను చేసి ఎండబెట్టెడివారు. ఇనుము నింపి, మూతపెట్టి, మట్టితో మెత్తి, కొలిమిలో నిలిపి, రాత్రింబవళ్లు తిత్తులు ఊదెడివారు. స్వచ్ఛమైన ఇనుము కరగుటకు 1,500 డిగ్రీలకు పైబడిన వేడి కావలయును. కర్బనము చేరినకొలది అది తక్కువ వేడికే కరగును. మూత లేనిచో గాలి చొచ్చి ఆ కర్బనము కాలిపోవును. మూత యున్నందున కర్బనము లోపలనే నిలిచి, కరగిన ఇనుములో అంతట సమముగా వ్యాపించును. నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్ల కర్బనము గల ఉక్కుముద్ద తయారగును. తొందరపడి చల్లార్చినచో ముద్ద పెళుసగును గనుక మెల్లగా చల్లారనిచ్చి, మరల చాలసేపు కాచి మెత్తబరచెడివారు. నీటిఅలల వంటి చారలు గల పారశీక ఖడ్గములు ఇట్టి ముద్దలనుండి సాగగొట్టినవే. మన ఉక్కు అను మాటయు, దానికి సోదరియైన కన్నడపు మాటయు ఐరోపావారి నోట ఊట్జ్ అయినవని పండితులు చెప్పుదురు. 1819లో మైకేల్ ఫారడే అంతటి శాస్త్రజ్ఞుడు దానిని విశ్లేషించుటకు పూనుకొనెను.

ఈ పరిశ్రమ ఎందుకు ఆరిపోయినది? రాయి అయిపోయి కాదు. గుట్టలమీద నేటికిని రాయి ఉన్నది. ఇనుము తీయుటకు కట్టెబొగ్గు విస్తారముగా కావలయును. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అడవులు ప్రభుత్వపు కట్టుబాట్లలోనికి వచ్చినవి. అదే కాలమున యంత్రశాలలలో తయారైన విదేశపు ఇనుము చౌకగా రైళ్లమీద దిగినది. ఆ పోటీకి పల్లెకొలిమి నిలువలేదు. నేడు మిగిలినవి చెరువుగట్ల వద్ద, చేల గట్లమీద పడియున్న చిట్టెపు రాళ్లు, మూసల పెంకులు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయము వారును కలిసి ఉత్తర తెలంగాణపు పల్లెలు తిరిగి అట్టి స్థలములను నమోదు చేసిరి. ఏ వాగు ఇసుక మేలైనది, ఏ మన్ను నిప్పునకు తాళును, ఎంతసేపు ఊదవలయును అను తెలివి మాత్రము దానిని ఎరిగిన చేతులతోనే పోయినది.

ఇక రెండవ మూస కథ. దీని మొదలు మంచుతో నున్నది. సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట మన దేశము, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే ఖండముగా దక్షిణధ్రువపు దిక్కున కలిసియుండెను. గోదావరి లోయయందు అట్టడుగున మంచునదులు ఈడ్చితెచ్చి విడిచిన బండలపొర కలదు. వేసవి కాలమున నిప్పులు చెరుగు రామగుండము క్రింద ఒకప్పటి హిమపు గుర్తు లుండుట ఆశ్చర్యమే గాని అసత్యము కాదు.

మంచు కరగిన పిదప, సుమారు 28 కోట్ల సంవత్సరముల నాడు, ఆ చలినేలమీద అడవులు పెరిగినవి. వానిలో ముఖ్యమైనది నాలుక ఆకారపు ఆకులు గల గ్లోసాప్టెరిస్ అను వృక్షజాతి. అదే సమయమున ఈ లోయ, రెండు గట్టిశిలల నడుమ బీటవారిన నేలగా, కొంచెము కొంచెము క్రుంగుచుండెను. ఆ క్రుంగుటయే లేనిచో బొగ్గు లేదు. ఎందుకనగా, మామూలు నేలమీద పడిన ఆకు గాలి తగిలి కుళ్లి, అందలి కర్బనము బొగ్గుపులుసు గాలిగా మారి తిరిగి ఆకాశమున కలియును. ఇచ్చట నేల క్రుంగి నీరు నిలిచినందున ఆకులు, కొమ్మలు, మ్రాకులు బురదనీటిలో మునిగినవి. నిలువనీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. ఆకు కుళ్లుట సగములో ఆగినది. దానిపై ఇంకొక ఏటి ఆకు, దానిపై ఇసుక, ఒండ్రు పడినవి. మూస మూతపడినది.

తరువాతి పని బరువుది, వేడిది. పైన పొరలు పేరుకొనినకొలది లోపలి మెత్తని ముద్దనుండి నీరు పిండివేయబడెను. పిదప వేడికి దానిలోని ఆవిరులు వెడలి, కర్బనపు పాలు పెరిగెను. ఎండిన కట్టెలో సుమారు సగముపాలుగ నుండు కర్బనము, మంచి నేలబొగ్గులో, బూడిదను విడచి లెక్కించినచో, నూటికి 80 పాళ్ల వరకు ఉండును. పది అడుగుల ఆకుముద్ద నలిగి స్థూలముగా ఒక అడుగు బొగ్గగునని చెప్పుదురు. మన లోయ బొగ్గులో బూడిద హెచ్చుగా నుండుటకును కారణమున్నది. ఏరులు ఆకులతో పాటు సన్నని ఒండ్రును గూడ తెచ్చి అందులో కలిపినవి. మన వంటయింటి పొయ్యిలోని బూడిద కట్టెది. ఈ బొగ్గు బూడిదలో అధికభాగము ఆ పురాతనపు నదులది.

ఈ పొరలపైన ఇంకను ఎన్నో కోట్ల సంవత్సరముల ఇసుకరాళ్లు, ఎఱ్ఱమట్టిరాళ్లు పేరుకొనినవి. ఆదిలాబాదులోని మలేరి వద్ద వానిలో పురాతన సరీసృపముల యెముకలు, ఊపిరితిత్తులు గల చేపల పండ్లు దొరికినవి. యామనపల్లి వద్ద దొరికిన పొడుగుమెడ రాక్షసిబల్లికి 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టిరి. దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానశాలలో నిలువబెట్టబడినది. బొగ్గు అప్పటికే లోపల తయారగుచుండెను. ఆ జంతువులు మూసయొక్క మూతమీద నడచినవి.

ఆ మహాఖండమునకు ఏమి పేరు పెట్టిరి? 1870 దశకమున భారత భూవిజ్ఞాన సర్వేవారు మధ్యభారతపు ఈ శిలలకు గోండులు నివసించు దేశమును బట్టి గోండ్వానా శిలలని పేరిడిరి. 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సూస్ ఆ పేరునే ఖండమునకు వర్తింపజేసెను. 1912లో దక్షిణధ్రువమునుండి తిరిగి వచ్చుచు మరణించిన కెప్టెన్ స్కాట్ బృందపు గుడారము వద్ద సుమారు 16 కిలోల రాళ్లు దొరికినవి. వానిలో గ్లోసాప్టెరిస్ ఆకు అచ్చులుండెను. ప్రాణములు పోవుచున్నను వారు వానిని పారవేయలేదు. బెల్లంపల్లి బొగ్గులోని చెట్టును, అంటార్కిటికా చెట్టును ఒకే అడవి కుటుంబమునకు చెందినవి. ఆ అడవికి లోకమంతట చెల్లుచున్న పేరు ఉట్నూరు, జైనూరు ప్రాంతపు గోండుల పేరు. మన శ్రోతలలో గోండు బాలుడెవడైన నున్నచో ఈ సంగతి వానికి తప్పక తెలియవలయును.

ఈ లోయలో బొగ్గును భూవిజ్ఞానసర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతమున కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి త్రవ్వుటకు హక్కు లభించినది. సమీపమునందలి సింగరేణి గ్రామము పేరు గనులకు పేరైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1929 నాటికి కాజీపేటనుండి బల్లార్షా వరకు రైలుమార్గము పూర్తియగుటతో బెల్లంపల్లి గనుల పట్టణముగా పెరిగినది. 1960 ప్రాంతమున గోదావరికి దక్షిణపు గట్టున రామగుండపు గనులు తెరువబడినవి. గోదావరిఖని అను పట్టణమే పుట్టినది. 1983లో అచ్చటి జాతీయ విద్యుత్కేంద్రము మొదటి యంత్రమును నడిపినది. మన ఇండ్లలో రేడియో మ్రోగుచున్నదన్న అందులో గ్లోసాప్టెరిస్ ఆకుపై పడిన ఎండ కొంత ఉన్నదని చెప్పినను అతిశయోక్తి కాదు.

అయితే మూసను తెరచుట సులభమైన పని కాదు. ఈ జిల్లాలవారు గనిని బాయి అందురు. ఆ మాటలో గనిని గూర్చిన భయము, పరిచయము రెండును కలవు. మూతక్రింద బొగ్గుతోబాటు అది పుట్టునప్పుడు వెలువడిన మండుగాలియు చిక్కుకొని యుండును. బొగ్గు తీసిన చోట ఖాళీ మిగులును. ఆ ఖాళీలో నీరు నిలుచును. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఈ.పి. గనిలో పాతపనులలో నిలిచిన నీరు పొంగి వచ్చి 17 మంది కార్మికులను బలిగొన్నది. భూమి 28 కోట్ల ఏండ్లు అదిమిపట్టిన చోటును మనము ఒక తరములో ఖాళీ చేసినచో ఆ ఖాళీకి కాపలా కాయవలసిన వారమును మనమే. పైకప్పునకు ఆధారము, గాలి మార్పిడి, నీటి లెక్క ఇవి ఖర్చుపద్దులో తగ్గించుకొనదగిన అంశములు కావని ఆ 17 ఇండ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

లెక్క ఒకటి చూతము. ఒక మీటరు మందపు బొగ్గుపొరకు కావలసిన ఆకుముద్ద పేరుకొనుటకే వేలకొలది సంవత్సరములు పట్టును; అది బొగ్గగుటకు పట్టిన కాలము వేరు. ఉపరితలపు గనిలో యంత్రపుపార తాను నిలిచినచోట ఆ మందమును ఒక్క పూటలో ఎత్తివేయగలదు. 2023–24లో సింగరేణి సంస్థ ఈ లోయయంతటినుండి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. కాల్చినప్పుడు అందలి కర్బనము మరల బొగ్గుపులుసు గాలియై ఆకాశమున చేరి, భూమిని వేడెక్కించుచున్నది. నీటమునిగి ఆగిపోయిన కుళ్లుట, అన్ని కోట్ల ఏండ్లకు, పొయ్యిలో పూర్తియగుచున్నదన్నమాట.

బొగ్గు త్రవ్వరాదని మేము చెప్పుట లేదు. ఆ బాయిలను నమ్ముకొని నాలుగు తరముల కుటుంబములు బ్రతికినవి, రాష్ట్రము వెలిగినది. కాని బెల్లంపల్లిలో పాతబాయిలు ఒకటొకటిగ మూతపడి ఊరు చిక్కిపోవుటను అచ్చటివారు కన్నులార చూచిరి. కోనసముద్రములో రాయి మిగిలి విద్య పోయినది. బెల్లంపల్లిలో విద్య మిగిలి, దాని పని తరిగిపోయినది. రెండుచోట్లను కష్టపడినది పనివాని ఇల్లే. కావున బాయి మూతపడు దినము వచ్చుటకు ముందే ఆ ఊరి పిల్లలకు వేరొక పని నేర్పుట, ఖాళీచేసిన నేలను పూడ్చి చెట్లు పెంచుట, కమ్మరుల చిట్టెపు దిబ్బలను రోడ్డు కంకరక్రింద పోనీయక కాపాడుట, ఇవి నేడు చేయదగిన పనులు. భూమి మరియొక బొగ్గుపొరను తయారుచేయదని కాదు. నీరు నిలిచిన పల్లములలో నేటికిని ఆకులు మునుగుచునే యున్నవి. అది బొగ్గగునాటికి మనము ఉండము.